లింకన్ చీటీ

పొద్దుటి నుంచి ముసురు. బజారు పని రేపటికి పడింది, ఉతికిన బట్టలు ఆరలేదు. భోజనాలయ్యాక అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటే నేను స్పీల్‌బర్గ్ తీసిన 'లింకన్' పెట్టాను. 2012లో వచ్చినప్పుడు ఎందుకో చూడలేదు.

జీవితచరిత్ర కదా, దుంగల గుడిసెలో పుట్టడం దగ్గర మొదలవుతుందనుకున్నాను. ఉన్నది అమెరికా అధ్యక్షుడిగా ఆయన చివరి నాలుగు నెలలే. అందులోనూ ముఖ్యంగా 1865 జనవరి. బానిసత్వాన్ని రద్దు చేసే పదమూడో రాజ్యాంగ సవరణకు ప్రతినిధుల సభలో మూడింట రెండు వంతుల ఓట్లు కూడగట్టడం, అంతే కథ. "యుద్ధం సినిమా అన్నావు, అందరూ కూర్చుని మాట్లాడుకుంటారేమిటే?" అంది అమ్మ. ఎన్నికల్లో ఓడి ఇంటిదారి పట్టిన ఎదుటి పార్టీ డెమోక్రాట్లకు ఉద్యోగాలు ఎర చూపడం మొదలయ్యాక మాత్రం ఆమెకు నేను విడమరిచి చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

లింకన్‌గా వేసిన డేనియల్ డే లూయిస్‌ది గంభీరమైన కంఠం కాదు, కాస్త కీచుగా ఉండే సన్నని గొంతు. అసలు లింకన్ గొంతూ అలాగే ఉండేదని ఆయనను విన్నవాళ్ళు రాశారు. సినిమాలో వినిపించే గడియారం టిక్కుటిక్కు కూడా లింకన్ సొంత జేబు గడియారం నుంచి రికార్డు చేసిందేనట. ఇంత పట్టింపు ఉన్నవాళ్ళు కనెక్టికట్ సభ్యులు ఇద్దరు సవరణకు వ్యతిరేకంగా ఓటేసినట్టు చూపించారు! నిజానికి ఆ రాష్ట్రం నలుగురూ అనుకూలంగానే వేశారు. బానిసత్వం నుంచి తప్పించుకుని దాని రద్దు కోసం పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ అయితే అసలు కనిపించనే కనిపించడు. అది నాకు ఇంకా పెద్ద లోటుగా తోచింది.

ఓటింగు రోజు, జనవరి 31. బానిసత్వం నిలుపుకోవడానికి యుద్ధం చేస్తున్న దక్షిణాది రాష్ట్రాల నుంచి శాంతి దూతలు వచ్చారని సభలో గుప్పుమంది. అది నిజమైతే ముందు యుద్ధం ఆగనివ్వండి అంటారు, సవరణ మూలపడుతుంది. లింకన్ చీటీ రాసి పంపాడు: నాకు తెలిసినంతవరకు నగరంలో దూతలెవరూ లేరు, వచ్చే సూచనా లేదు. ప్రతి అక్షరం నిజమే. వాళ్ళను వాషింగ్టన్ దాకా రానివ్వకుండా వర్జీనియాలోనే ఆపించింది ఆయనే మరి. 119కి 56 ఓట్లతో సవరణ గట్టెక్కింది.

"అశ్వత్థామ హతః అన్నాడన్నమాట," అంది అమ్మ, చేతిలోని చిక్కుడుకాయ ఈనె లాగుతూ. "కుంజరః మాత్రం మింగేశాడు."

సరిగ్గా అదే. కాకపోతే ధర్మరాజు పక్కన శంఖం ఊదడానికి కృష్ణుడున్నాడు, పాపం పంచుకోవడానికో మనిషి. లింకన్ ఆ రెండు పనులూ ఒక్కడే చేసుకున్నాడు. ఆ మాటే అమ్మతో అంటే, "ధర్మరాజు రథం నేలకు దిగిందిగా, మరి ఈయనకో?" అని అడిగింది. నలభై లక్షల మందికి సంకెళ్ళు తెగే చోట రథం సంగతి ఎవరికి కావాలి అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. అబద్ధం అబద్ధమేనంది. దీపాలు పెట్టే వేళ దాకా వాదించుకుంటూనే ఉన్నాం.