అపుత్రాయ దదామి: భీష్మాష్టమి నాటి నీళ్లు

మాఘ శుద్ధ సప్తమికి, అంటే రథసప్తమికి, అరసవల్లి సూర్యదేవుడి గుడిలో ఇసకేస్తే రాలదు. అర్ధరాత్రి నుంచే అభిషేకాలు, తెల్లవార్లూ క్యూలు. సాధారణంగా ఆ మర్నాడే భీష్మాష్టమి. నాగావళి రేవులో ఆ రోజు వదిలే తర్పణం పిల్లలు లేని ఒక తాతకి.

అడగని ప్రాణాన్ని ఇన్ని కష్టాల లోకంలోకి తేవడం ధర్మమేనా అని ఇప్పటి కొత్త దంపతులు అడుగుతున్నారు. పెద్దలు వెంటనే తైత్తిరీయ ఉపనిషత్తు అందుకుంటారు: ‘ప్రజాతంతుం మా వ్యవచ్ఛేత్సీః’, సంతానపు దారాన్ని తెంపకు. చదువు ముగించిన శిష్యుడికి గురువు చెప్పిన మాట అది, తేలిగ్గా తీసేయరాదు. కానీ బృహదారణ్యక ఉపనిషత్తులో జ్ఞానులు ‘కిం ప్రజయా కరిష్యామః’, సంతానంతో మాకేం పని అన్నారు. రెండూ యజుర్వేదంలోవే. ఒకటి చూపించి రెండోది దాచడం న్యాయం కాదు.

భీష్ముడు తండ్రి పెళ్లి కోసం బ్రహ్మచర్యం పట్టాడు. వంశం ఆగిపోయే వేళ సత్యవతే అడిగినా మాట తప్పలేదు. ఆ ప్రతిజ్ఞ బరువు కురువంశమంతా మోసింది. అయినా తర్పణ మంత్రం ఆయన్ని తప్పుపట్టదు: ‘అపుత్రాయ దదామ్యేతత్ సలిలం భీష్మవర్మణే’, కొడుకు లేని భీష్మవర్మకి ఈ నీళ్లు ఇస్తున్నాను. ‘అపుత్రాయ’ అన్న మాటను నిందగా చదవకండి. కొడుకు లేడు గనుక మనమందరం ఇస్తున్నాం అని దాని భావం. అందుకే తండ్రి బతికున్నవాళ్లు కూడా ఈ నీళ్లు వదలొచ్చు.

స్నానం చేసి, వేలికి దర్భ ఉంగరం, అదే పవిత్రం, పెట్టుకుని, దక్షిణానికి తిరిగి, నల్ల నువ్వులు కలిసిన నీళ్లు మూడుసార్లు వదలాలి. చాలామంది వేళ్ల కొసల మీదుగా పోసేస్తారు, అది దేవతలకు ఇచ్చే పద్ధతి. ఇక్కడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి జారాలి. జంధ్యం ఎలా ఉంచుకోవాలో తండ్రి ఉన్నవాళ్లు తమ పురోహితుణ్ని అడగాలి, ఇళ్లను బట్టి ఆచారం మారుతుంది.

ఇంకో పొరపాటు, చలికి వణుకుతూ ఒడ్డెక్కగానే పంచె పిండేయడం. తర్పణానికి ముందు పిండితే పితృదేవతలు నిరాశతో వెళ్లిపోతారని శాస్త్రం. తర్పణం అయ్యాక, ఏట్లో కాకుండా గట్టున, తడిపంచెను మడిచి పిండాలి. అప్పుడు చెప్పే శ్లోకం ఇది:

యే కే చాస్మత్కులే జాతా అపుత్రా గోత్రిణో మృతాః
తే గృహ్ణంతు మయా దత్తం వస్త్రనిష్పీడనోదకమ్

మన వంశంలో, మన గోత్రంలో పుట్టి, సంతానం లేకుండా పోయినవాళ్లకి ఈ పంచె నీళ్లు. పిల్లలు లేని పెదనాన్ననీ, పెళ్లే వద్దన్న బాబాయినీ తలుచుకుంటూ, నీటిచుక్క రాలడం ఆగేదాకా పిండండి.