పన్నెండొందల మీద యాభై రెండు వేలు

2001లో మేం సెకండియర్. చెప్పులు బయట విప్పి, ల్యాబ్‌లో ఏసీ చలికి చేతులు రుద్దుకుంటూ సీ భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సీ నీలం తెర ముందు కూర్చునేవాళ్లం. ఫ్లాపీ చదవకపోతే చొక్కాకేసి తుడిచేవాళ్లం. దానివల్ల ఒరిగేదేమిటో ఎవరూ అడగలేదు.

ఫస్టియర్ పిల్లల పేర్లు ఎంసెట్ ర్యాంకుల వరసలో పెట్టివ్వమని నాకూ నా ల్యాబ్ జోడీకీ పని అప్పగించారు. జాబితాను వరసలో పెట్టే రెడీమేడ్ ఫంక్షన్ క్యూసార్ట్ వాడటం వచ్చేసిందని నాకప్పుడు నేల ఆనడం లేదు. రెండిట్లో ఏది ముందో దానికి చెప్పే పోలిక ఫంక్షన్ మనమే రాసివ్వాలి. అందులో ఒకటే లైను: మొదటి ర్యాంకులోంచి రెండోది తీసేసి రిటర్న్ చెయ్యడం. పది పేర్లతో చూస్తే బ్రహ్మాండంగా వచ్చింది. అసలు జాబితా ఎక్కించి ప్రోగ్రాం నడపడానికి కంట్రోల్ ఎఫ్9 కొట్టాను.

"అరే, పన్నెండొందలోని మీద యాభై రెండు వేలోడు ఎట్ల కూసున్నడ్రా?" అన్నాడు జోడీ.

రెండ్రోజులు క్యూసార్ట్‌ను తిట్టుకున్నా. పంతం కొద్దీ వరస పెట్టే ఇంకో పద్ధతి, బబుల్ సార్ట్, సొంతంగా రాసి, దానికీ అదే ఫంక్షన్ తగిలించా. వరస ఇంకో రకంగా చెడింది. అప్పుడైనా వెలగాలి కదా, వెలగలేదు.

మేడమ్ స్క్రీన్ వైపు చూడనైనా లేదు. నా రఫ్ నోట్సు లాక్కుని 1200, 30000, 52000 అని రాశారు. "నీ ఫంక్షన్ చేసే పని నువ్వు చెయ్" అన్నారు. ముప్పై వేలలోంచి పన్నెండొందలు తీస్తే 28800. యాభై రెండులోంచి ముప్పై తీస్తే 22000. రెండూ సరే. 52000లోంచి 1200 తీస్తే 50800. ఆవిడ ఏమీ అనకుండా ఫంక్షన్ పేరుకు ముందున్న 'ఇంట్' మీద పెన్ను మొన ఆనించారు.

ర్యాంకులను పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ రకంలోనే దాచాను. ఫంక్షన్ తిరిగిచ్చేది మాత్రం చిన్న రకం, ఇంట్. టర్బో సీలో అది 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. 50800 కాస్తా 65536 తగ్గి −14736 అయి బయటికొస్తుంది. మైనస్ వచ్చిందంటే మొదటిదే చిన్నదని లెక్క! పన్నెండొందల కంటే ముప్పై వేలు పెద్ద, దానికంటే యాభై రెండు వేలు పెద్ద, మళ్లీ దానికంటే పన్నెండొందలు పెద్ద. ఇలాంటి సాక్షిని నమ్ముకుంటే ఏ సార్ట్ మాత్రం ఏం చేస్తుంది? నా పది పేర్లలో ర్యాంకులన్నీ దగ్గరదగ్గరవి, అందుకే బయటపడలేదు. తీసివేత కొట్టేసి, చిన్నదైతే −1, పెద్దదైతే 1, సమానమైతే 0 అని రాశా. సాయంత్రానికి జాబితా ప్రింటయింది.

చాలా ఏళ్లకు హైటెక్ సిటీలో మా ప్రాజెక్టు జావా 6 నుంచి 7కి మారింది. అన్నాళ్లూ కిక్కురుమనకుండా నడిచిన సార్ట్ "కంపారిజన్ మెథడ్ వయొలేట్స్ ఇట్స్ జనరల్ కాంట్రాక్ట్" అని ఆగిపోయింది. 2011లో జావా 7తో వచ్చిన టిమ్‌సార్ట్ అనే కొత్త సార్ట్ పద్ధతి, పోలికల్లో పొంతన లేదని కనిపెడితే ఊరుకోదు, ఎక్సెప్షన్ విసురుతుంది. టీమంతా కొత్త జావాను తిడుతోంది.

నేను పక్క సీటు కుర్రాడి నోట్‌బుక్ లాక్కున్నాను.