డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: పదివేలతో పోయేది కాదు

నిన్ననే కోర్టులో కేసు ముగిసింది. ఫైన్ రశీదు ఇంకా జేబులోనే ఉంది. "పదివేలు కట్టి వచ్చేయ్, అంతే" అని నాకు చెప్పినవాళ్లు డజను మంది ఉంటారు. వాళ్లలో ఒక్కరూ లైసెన్స్ మాట ఎత్తలేదు. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

రోడ్డు మీద జరిగేది అందరికీ తెలిసిందే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసు. మెషిన్ రక్తాన్ని చూడదు. ఊపిరిలో ఉన్న ఆల్కహాల్‌ని కొలిచి, దాన్నిబట్టి రక్తం అంకె లెక్కగడుతుంది. అప్పుడే తాగి ఉన్నా, మౌత్‌వాష్ పుక్కిలించినా నోట్లో మిగిలిన తడి వల్ల అంకె పెరగొచ్చు. అలాంటిదేమైనా ఉంటే పావుగంట ఆగి మళ్లీ ఊదనివ్వమని మర్యాదగా అడగండి. పైపు కవరు మీ ఎదుటే చింపించుకోండి. స్లిప్పు మీద తేదీ, టైము, మెషిన్ నంబరు, రీడింగ్ చదివాకే సంతకం పెట్టండి, ఒక ఫోటో తీసి ఉంచుకోండి. సోంపు, పుదీనా చిట్కాలు దండగ. ఆ వాసన వచ్చేది ఊపిరితిత్తుల్లోంచి, నోరు కడిగితే పోయేది కాదు. ఒళ్లు గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గిస్తుంది. అర్ధరాత్రి 120 ఉన్నవాడు తెల్లారి ఆరింటికి ఆఫీసు బండి ఎక్కినా పరిమితికి అటూ ఇటూగానే ఉంటాడు.

ఊదనని మొండికేయకండి. తాగినట్టు అనుమానం ఉంటే సెక్షన్ 203 కింద వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. సరైన కారణం లేకుండా ఊదలేదన్నది తర్వాత కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది. అరెస్టే చేస్తే మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి: రెండు గంటల్లోగా డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేదంటే వదిలేయాలి. అది సెక్షన్ 202. రీడింగ్ 30కి దగ్గరగా ఉందా, అప్పుడే రక్త పరీక్ష అడగండి. మర్నాడు అడిగితే నవ్వుతారు. బండి ఇంటికి చేరాలంటే తాగని, లైసెన్స్ ఉన్న మనిషి రావాలి. మీ లైసెన్స్ తీసుకుంటే దానికి రశీదు తప్పకుండా అడగండి.

తర్వాత కౌన్సెలింగ్. ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంట తీసుకురమ్మంటారు. పెళ్లయినవాళ్లు భార్యనీ, కానివాళ్లు నాన్ననీ తెచ్చుకుని కూర్చుంటారు. ప్రమాదాల వీడియోలు వేస్తారు. వీడియో సంగతి అటుంచి, పక్క కుర్చీలో నాన్న తెరను కాకుండా నేలను చూస్తూ కూర్చోవడం ఉంటుంది చూడండి... దాని గురించి ఇంక రాయను.

ఇక అసలు కథంతా కోర్టులోనే. ఇది అక్కడికక్కడే ఫైన్ కట్టి రాజీ చేసుకునే నేరం కాదు. మామూలు చలాన్‌లా ఫోన్లో కట్టేసే వీలు లేదు, మేజిస్ట్రేట్ ముందు నిలబడాల్సిందే. చెప్పిన తేదీకి వెళ్లకపోతే వారెంట్ వస్తుంది. పొద్దున పదింటికి రమ్మంటారు. వరండాలో వరసలు, ఆ వరసల్లో కాలేజీ కుర్రాడి నుంచి రిటైరైన పెద్దాయన దాకా. ఒక్కొక్కరి పేరూ రీడింగూ కలిపి పైకి చదువుతారు. అంకె వినగానే వెనకున్నవాళ్లు తలెత్తి ఆ మనిషిని చూస్తారు, మార్కులు చదివినట్టే. మన వంతు వచ్చేదాకా పక్కవాళ్ల అంకెలతో మనది పోల్చుకుంటూ నిలబడతాం. సిగ్గుచేటు పని, అయినా చేస్తాం.

లోపలికి వెళ్లాక పది సెకన్లు. "తాగి నడిపావా?" "అవును సార్." అయిపోయింది. ఆ "అవును సార్" మర్యాద కోసం అన్న మాట కాదు, నేరం ఒప్పుకోవడం. అది మీ పేరు మీద శిక్షగా నిలిచిపోతుంది. ఒప్పుకున్నాక అప్పీలుకు వెళ్లినా శిక్ష ఎంత, చట్టబద్ధమేనా అన్న దాకే; తాగలేదని వాదించే దారి మూసుకుపోతుంది. రేపు వీసా ఫారమ్‌లోనో ఉద్యోగం ఫారమ్‌లోనో "ఎప్పుడైనా శిక్ష పడిందా" అని అడిగితే లేదని రాయడం అబద్ధమవుతుంది. ఈ ముక్క ముందే తెలిసుంటే లాయర్‌ని కలిసేవాణ్ణా? బహుశా కలిసేవాణ్ణి కాదు, నా రీడింగ్ అలాంటిది. కానీ తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక తల ఊపడం వేరు.

మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 ఫైన్, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. 2019 సవరణతో వచ్చిన అంకెలివి. రీడింగ్ ఎక్కువుంటే, పాత కేసు ఉంటే కొన్ని రోజుల జైలు పడ్డవాళ్లున్నారు. కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోమన్నవాళ్లూ ఉన్నారు.

నాకు ఎవరూ చెప్పని ముక్క సెక్షన్ 20లో ఉంది. 185 కింద శిక్ష పడితే కోర్టు లైసెన్స్‌ని కనీసం ఆరు నెలలు రద్దులో పెట్టాలి. ఫైన్ ఎంతైనా, బతిమాలినా, ఇది విడిగా పడుతుంది. కోర్టు గేటు దగ్గర "లైసెన్స్ పోకుండా నేను చూసుకుంటా, మూడు వేలివ్వు" అని చెవిలో గొణిగే దళారులకు ఈ సెక్షన్ నాకంటే బాగా తెలుసు. తెలిసే అడుగుతారు. ఒక్క రూపాయి ఇవ్వకండి.

లాయర్ ఎప్పుడు కావాలి? రీడింగ్ సరిహద్దులో ఉన్నా, స్లిప్పులో పేరో టైమో తప్పున్నా, రెండో కేసైనా, డ్రైవింగే జీవనాధారమైనా పెట్టుకోండి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆలోచించే పనే లేదు. మనిషి పోతే కేసు నిర్లక్ష్యం దగ్గర ఆగకపోవచ్చు. తాగి నడిపి మనుషుల్ని చంపిన ఒక కేసులో 2012లో సుప్రీంకోర్టు హత్య కాని ప్రాణహరణం కింద పడిన శిక్షనే ఖాయం చేసింది. డబ్బుల్లేవని ఊరుకోకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయొచ్చు. లాయర్ దగ్గరికి స్లిప్పు ఫోటో, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్ రశీదు పట్టుకెళ్లండి. మొదటి ప్రశ్నగా "నేను ఒప్పుకుంటే నా లైసెన్స్ ఏమవుతుంది?" అని అడగండి. దానికి సూటిగా చెప్పకుండా ఫైన్ గురించి మాట్లాడితే ఇంకొకరిని చూసుకోండి.

ఇన్సూరెన్స్ మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. తాగి గుద్దితే సొంత బండి రిపేరు డబ్బు రాదు. అవతలివాళ్లకు కంపెనీ ఇచ్చినా తర్వాత మీ దగ్గర రాబట్టుకునే దారి వాళ్లకుంది.

నాకు ఆరు నెలలు పడింది. బండి తాళం తమ్ముడికిచ్చేశాను. ఈ ఆరు నెలల్లో పాల ప్యాకెట్ కోసం వీధి చివరిదాకా నడిపి దొరికినా సెక్షన్ 182: మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 ఫైన్, లేదా రెండూ.