సానియా కెరీర్ చార్ట్ తయారీ: నా అనుభవం

విశాఖలో మా టెన్నిస్ అకాడమీ గోడకి పిల్లలు నిలబడి చదువుకునేలా సానియా మీర్జా కెరీర్ చార్ట్ పెట్టాం. 6 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు. సమాచారం కూర్చడం దగ్గర్నుంచి గోడకి బిగించేదాకా పని నాదే. మీ క్లబ్బులోనో బళ్లోనో ఇలాంటిది పెట్టాలనుకుంటే ముందు ఒక మాట. ఏడాది వారీగా ఒకే జాబితా రాసుకుంటూ పోవద్దు. సింగిల్స్, మహిళల డబుల్స్, మిక్స్‌డ్ (ఆడ, మగ కలిసి ఆడే డబుల్స్), దేశం తరఫున ఆడినవి, ఈ నాలుగూ వేరువేరు పద్దులు. ఒకదాని లెక్క ఇంకోదానిలో కలిపితే మొత్తం తప్పుతుంది.

2003లో అలీసా క్లెయ్‌బనోవాతో గెలిచిన వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్‌ని పైన విడిగా రాయండి. అది జూనియర్ విభాగం. గ్రాండ్‌స్లామ్‌లు (టెన్నిస్‌లో నాలుగు అతిపెద్ద టోర్నీల టైటిళ్లు) ఆరు అంటే దాన్ని వదిలేసి లెక్కపెట్టిన ఆరు: మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్‌లో మూడు.

సింగిల్స్ గడిలో వరుసలు తక్కువే కానీ దాన్ని మూలకి నెట్టొద్దు. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అల్యోనా బొండరెంకోని ఓడించి, డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లి షరపోవా చేతిలో ఓడింది. 2007 ఆగస్టులో 27వ ర్యాంకు, సింగిల్స్‌లో ఆమెకి అదే అత్యుత్తమం. కుడి మణికట్టు గాయం వెంటాడింది, 2013లో సింగిల్స్ మానేసింది. కొందరు ఇక్కడితో అసలు కథ అయిపోయినట్టు రాస్తారు. నేనైతే చార్టులో సగం జాగా ఆ తర్వాతి ఏళ్లకే ఇచ్చాను.

మిక్స్‌డ్‌లో 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్‌లు మహేశ్ భూపతితో, 2014 యూఎస్ ఓపెన్ బ్రూనో సోరెస్‌తో. ఈ మూడోదాని ఫైనల్ స్కోరు 6-1, 2-6, 11-9. ఆ చివరిది మామూలు సెట్ కాదు, మూడో సెట్ బదులు ఆడే పది పాయింట్ల టైబ్రేక్, అందులో గెలవాలంటే కనీసం పది పాయింట్లు, రెండు పాయింట్ల తేడా కావాలి. 11-9 అన్నవి గేములు కావు, పాయింట్లు. దాన్ని చదరపు బ్రాకెట్లో పెట్టి కింద ఒక వాక్యం రాయకపోతే పిల్లలు కచ్చితంగా పొరబడతారు. మిక్స్‌డ్ విజయాలకి ర్యాంకింగ్ పాయింట్లు రావన్నదీ అక్కడే రాయాలి.

అసలు పని డబుల్స్ గడిలో ఉంది. టైటిళ్లు 43. మార్టినా హింగిస్‌తో గెలిచిన 2015 వింబుల్డన్, 2015 యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్, అలాగే 2014లో కారా బ్లాక్‌తో, 2015లో హింగిస్‌తో గెలిచిన డబ్ల్యూటీఏ ఫైనల్స్ (సీజన్ చివర జరిగే టోర్నీ) ఈ 43లోనే ఉన్నాయి. వాటిని మళ్లీ కలపొద్దు. హింగిస్‌తో వరుసగా గెలిచిన 41 మ్యాచ్‌లని ఏడాది వారీ పట్టిక రెండు ముక్కలు చేసేస్తుంది. ఎందుకంటే అవి 2015 యూఎస్ ఓపెన్‌లో మొదలై 2016 ఫిబ్రవరి దాకా సాగాయి. అందుకని రెండేళ్ల మీదుగా ఒకే రంగు పట్టీ గీశాను.

స్కోరు ఒక్కటే రాస్తే కొన్ని మ్యాచ్‌లు అర్థం కావు. 2015 వింబుల్డన్ ఫైనల్లో మకరోవా, వెస్నినా జంటపై 5-7, 7-6, 7-5. మూడో సెట్లో సానియా జంట 2-5తో వెనకబడి 5-5 చేసింది. వెలుతురు తగ్గడంతో అక్కడ ఆట ఆపి, సెంటర్ కోర్టు పైకప్పు మూసి, లైట్లు వేశారు. తర్వాతి రెండు గేములూ వీళ్లవే. ఈ నాలుగు ముక్కలూ స్కోరు పక్కన ఉండాల్సిందే.

ర్యాంకు జంటది కాదు, ఎవరిది వాళ్లదే. ఇది పిల్లలకి తొందరగా ఎక్కదు, 2017 జనవరి ఉదాహరణ చెబితే ఎక్కుతుంది. 2015 ఏప్రిల్ 13 నుంచి 91 వారాలు నంబర్ వన్‌గా ఉన్న సానియా, బ్రిస్బేన్‌లో బెథనీ మాటెక్-శాండ్స్‌తో కలిసి టైటిల్ గెలిచింది. ఆ వెంటనే నంబర్ వన్ స్థానం అదే బెథనీకి వెళ్లింది. కారణం 52 వారాల లెక్క: ర్యాంకుకి గత 52 వారాల పాయింట్లే చూస్తారు. ముందు ఏడాది కూడా సానియా బ్రిస్బేన్ గెలిచింది కాబట్టి పాత పాయింట్లు పోయి వాటి చోట కొత్తవి వచ్చాయి, అదనంగా ఏమీ చేరలేదు. బెథనీకి మాత్రం చేరాయి.

ఆ బ్రిస్బేన్ టైటిల్ 41వది. 2018లో బాబు పుట్టాడు. ఆ విరామాన్ని చార్టులో ఖాళీగానే ఉంచండి, అప్పుడే 2020 జనవరిలో నాదియా కిచెనోక్‌తో గెలిచిన హోబార్ట్ టైటిల్ విలువ కంటికి కనిపిస్తుంది. చివరిది, 43వది, 2021లో జాంగ్ షువాయితో ఆస్ట్రావాలో. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆఖరి మ్యాచ్.

దేశం గడిలో 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల మిక్స్‌డ్ స్వర్ణం దగ్గర మా పిల్లలు ఎక్కువసేపు ఆగుతారు. ఆమె జోడీ మన విశాఖ కుర్రాడు సాకేత్ మైనేని మరి.

ఇక ప్రింటింగ్. డీటీపీ వాళ్లు చాలామంది ఇంకా అను ఫాంట్లే (యూనికోడ్ కాని పాత తరహా తెలుగు ఫాంట్లు) వాడతారు. యూనికోడ్‌లో కొట్టిన మేటర్ అందులోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి, ముఖ్యంగా ‘మిక్స్‌డ్’, ‘గ్రాండ్‌స్లామ్’ లాంటి మాటల్లో. పీడీఎఫ్ మీరే చేసి ఇవ్వండి. పేర్లు, అంకెలు ప్రూఫ్ కాగితం మీదే సరిచూడండి. ఫ్లెక్స్ వద్దు, ఎండకి వెలిసిపోతుంది. 5 ఎంఎం సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ షీటు) మీద వినైల్, దానిపై మాట్ లామినేషన్ చేయించండి. గ్లాసీ అయితే ఫ్లడ్‌లైట్ల కింద మెరిసి అక్షరాలు కనపడవు. ఇనప మేకులు సముద్రపు గాలికి తుప్పు పట్టి బోర్డు మీదకి చారలు కారతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడండి. చార్ట్ అడుగు అంచు నేల నుంచి రెండున్నర అడుగులు మించకపోతే పదేళ్ల పిల్లలకి కూడా అందుతుంది.