నా సీటు నుంచి మా సీటుకి: ఫార్ములా కార్ల నుంచి జీటీకి మారిన నా అనుభవం

కోయంబత్తూరులో నాకు మొదటిసారి సీటు పోసిన రోజు బాగా గుర్తు. ఫార్ములా కారంటే పైకప్పు లేని, ఒక్కరే కూర్చునే రేసు కారు. దాని సీటు కొట్లో కొనుక్కొచ్చి బిగించేది కాదు, మన ఒంటికే పోసి చేసేది. కారు లోపల పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి, రేసింగ్ సూటు వేసుకున్న నన్ను దాని మీద కూర్చోబెట్టారు. బకెట్లో రెండు ద్రవాలు గబగబా కలిపి, నా వీపు వెనక సంచిలోకి వంపారు. నిమిషం తిరక్కుండా నురగ పొంగింది. వీపంతా వేడి. "కదలొద్దు తంబీ, స్టీరింగ్ వదలొద్దు" అంటున్నారు మెకానిక్ అన్న. గట్టిపడ్డాక లేచి చూస్తే నా వెన్ను, పక్కటెముకలు, తుంటి అన్నీ అచ్చు దిగి ఉన్నాయి. అందులో ఇంకో మనిషి ఐదు నిమిషాలు కూడా కూర్చోలేడు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ సీటు చూసుకుని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

జీటీ కార్లలోకి, అంటే రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్ల నుంచి తయారైన రేసు కార్లలోకి, ఎలా మారాలని ఈమధ్య చాలామంది కుర్రాళ్ళు అడుగుతున్నారు. అందరూ స్పీడు గురించే అడుగుతారు. నాకు కష్టమైంది స్పీడు కాదు, ఆ సీటు వదులుకోవడం.

మాది హైదరాబాద్. పదమూడో ఏట కార్టింగ్, అంటే చిన్న గో-కార్ట్ బళ్ళతో రేసింగ్, మొదలుపెట్టాను. కార్టింగ్ దాటి ముందుకు వెళ్ళాలంటే దక్షిణాదిలో రెండే ఊళ్ళు: ఒకటి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, రెండోది కోయంబత్తూరు. మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని, ట్రైనింగ్ పూర్తి చేసి, దేశంలో మోటార్ రేసింగ్ చూసుకునే ఎఫ్ఎంఎస్‌సీఐ సమాఖ్య లైసెన్సు చేతికొచ్చాక నేను కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకి వెళ్ళాను. ఫార్ములా మారుతి కార్లు తయారుచేసి ఎందరో కుర్రాళ్ళకు రేసింగ్ అందుబాటులోకి తెచ్చిన కరివర్ధన్ గారి పేరు మీద కట్టిన ట్రాక్ అది. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు, ట్రాక్ 2003లో వచ్చింది. పొడవు 2.1 కిలోమీటర్లే. చిన్న ట్రాక్ కదా అని తేలిగ్గా తీసుకున్నవాళ్ళకు మొదటి రోజే తెలిసిపోతుంది, ఊపిరి తీసుకునే చోటు ఉండదని.

నేను నడిపింది మారుతి స్విఫ్ట్ ఇంజన్ పెట్టిన ఎల్‌జీబీ ఫార్ములా 4. ఏబీఎస్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. బ్రేకు కాస్త ఎక్కువ తొక్కితే చక్రం లాక్ అవుతుంది, టైరు ఒకచోట అరిగి చదునవుతుంది, ఇక రేసు అయ్యేదాకా ఆ దడదడ స్టీరింగ్‌లోంచి చేతుల్లోకి వస్తూనే ఉంటుంది. అందుకని పాదం మెత్తగా ఉండాలి. నాలుగు సీజన్లు ఆ పాదాన్నే సాన పట్టాను.

ఆ తర్వాత దారి మూసుకుపోయింది. యూరప్‌లో ఫార్ములా 3 దాకా వెళ్ళాలంటే ఒక్క సీజన్‌కే కోట్లు కావాలి. నాన్న ఇల్లు తాకట్టు పెడతానన్నారు. వద్దన్నాను. ఏడాదిన్నర పాటు ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు కార్టింగ్ పిల్లలకు నేర్పాను. ఆ రోజుల్లోనే మనవాళ్ళు ఎటు వెళ్ళారో శ్రద్ధగా చూశాను. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్, 2019కల్లా జపాన్ సూపర్ జీటీలో ఉన్నారు. కరుణ్ చందోక్ ఫార్ములా వన్ తర్వాత 2012లో ఫ్రాన్స్‌లో లే మాన్ 24 గంటల రేసు పూర్తి చేశారు. ఒంటరి సీటు దగ్గరే దారి ఆగిపోలేదని అప్పుడు అర్థమైంది.

జీటీలో డబ్బు లెక్క వేరు. గంటల తరబడి సాగే రేసుల్లో ఒక కారును ముగ్గురు నలుగురు వంతులవారీగా నడుపుతారు, ఖర్చూ పంచుకుంటారు. ప్రతి డ్రైవర్‌కూ ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ ఒక గ్రేడు ఇస్తుంది: ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్. వయసు మీరాక సరదాతో రేసింగ్‌లోకి వచ్చిన వ్యాపారులు ఎక్కువగా బ్రాంజ్. నాలాంటి కుర్రాళ్ళు సిల్వర్. చాలా జట్లలో ఖర్చు భరించేది బ్రాంజ్ డ్రైవరే, ఆయన పక్కన వేగంగా నడిపే సిల్వర్ ఒకడు కావాలి. నా అవకాశం అలా వచ్చింది. దుబాయ్‌లో స్థిరపడిన విజయవాడ ఆయన ఒకరు, యాభై దాటిన మనిషి, 24 గంటల రేసుకి జట్టు కడుతూ తెలిసినవాళ్ళ ద్వారా నన్ను పిలిపించారు. ఫోన్‌లో మొదటి మాటే, "నువ్వు ఎంత ఫాస్టో నాకు తెలుసు తమ్ముడూ. నాకు నేర్పించే ఓపిక ఉందా?"

దుబాయ్ ఆటోడ్రోమ్ పొడవు 5.39 కిలోమీటర్లు. మొదటి టెస్టులో జీటీ4 కారు (జీటీ3 కంటే నెమ్మదైన తరగతి) ఎక్కితే ఇంట్లో సోఫా ఎక్కినట్టుంది. బరువు దాదాపు టన్నున్నర, నా ఫార్ములా కారు మనిషితో కలిపినా అందులో సగం ఉండదు. తలుపులు, పైకప్పు, ఏబీఎస్, చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ అన్నీ ఉన్నాయి. సులువనుకున్నాను. తీరా చూస్తే జట్టులో ఉన్న ఇంకో సిల్వర్ కుర్రాడి కంటే చుట్టుకి రెండు సెకన్లు వెనకబడ్డాను. ఇంజనీర్ లాప్‌టాప్ తిప్పి మా ఇద్దరం బ్రేకు ఎంత తొక్కామో తెలిపే గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు. అతని గీత గోడలా నిటారుగా లేచి, మలుపులోకి మెల్లగా దిగుతోంది. నాది గుట్టలా ఉంది. నాలుగేళ్ళు సాన పట్టిన మెత్తటి పాదమే ఇక్కడ నా టైమ్ తినేసింది. "మొదటి దెబ్బకే పూర్తిగా తొక్కు, లాక్ కాకుండా ఏబీఎస్ చూసుకుంటుంది" అన్నాడు. మెదడుకి అర్థమైంది కానీ కాలికి ఎక్కడానికి రెండు రోజులు పట్టింది.

ఇంకో కొత్త విషయం అద్దాలు. ఫార్ములాలో నా కళ్ళు ఎప్పుడూ ముందుకే. ఇక్కడ ట్రాక్ మీద పదుల కొద్దీ కార్లు, రకరకాల క్లాసులు. వెనక నుంచి జీటీ3లు దూసుకొస్తాయి, ముందు నెమ్మదైన కార్లుంటాయి. రాత్రి వెనకున్నది ఎంత దూరంలో ఉందో హెడ్‌లైట్లు చూసే అంచనా వేయాలి.

మేము ఎక్కువ కష్టపడింది డ్రైవర్లు మారే పని మీద. విజయవాడ ఆయన నాకంటే బాగా పొడగరి, లావు కూడా. సీటు ఆయన కొలతకి ఉంటుంది, నేను ఎక్కేటప్పుడు నా నురగ అచ్చు ఒకటి అందులో పెట్టుకోవాలి. దిగేవాడు బెల్టులు వదులు చేసి, రేడియో వైరు, నీళ్ళ గొట్టం, ఒంటిని చల్లబరిచే కూల్ షర్టు గొట్టం పీకి, అచ్చు చంకలో పెట్టుకుని దూకాలి. ఎక్కేవాడికి బెల్టులు బిగించాల్సింది దిగినవాడే. గ్యారేజీలో సాయంత్రం మొత్తం అదే పని. మొదట్లో నేను దిగి నా హెల్మెట్ తీసుకోవడంలో పడిపోయేవాణ్ణి. ఆయన లోపల బెల్టు కోసం తడుముకుంటూ, "నేను ఇక్కడున్నానయ్యా" అన్నారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. రేసింగ్‌లో అప్పటిదాకా నేను ఇంకొకరికి బెల్టు పెట్టలేదు.

రేసులో రాత్రి నా రెండో స్టింట్, అంటే నడిపే వంతు. ఊదారంగు జెండా పడింది, అంటే కోడ్ 60, ట్రాక్ మీద అందరూ 60 కిలోమీటర్ల వేగంతోనే వెళ్ళాలి. ఆ రేసులో పెట్రోలు పిట్‌లో, అంటే కారు ఆపి డ్రైవర్లు మారే చోట, పోయరు, వేరే చోట పంపులుంటాయి. రేసు కార్లన్నీ పండగ ముందు పెట్రోల్ బంకులోలా లైను కట్టి నిలబడ్డాయి. మేమూ నింపుకుని బయటికొచ్చాం. మళ్ళీ రేసు మొదలైన కాసేపటికి ఒక జీటీ3కి దారి ఇవ్వబోయి నేను ట్రాక్ అంచు దాటాను. అక్కడ టైరు కోసుకుపోయింది. తప్పు పూర్తిగా నాదే, ఇంకో మలుపు ఆగి దారి ఇస్తే సరిపోయేది. పిట్‌కి పాకుతూ వచ్చేసరికి రెండు చుట్లు పోయాయి.

ఫార్ములాలో అయితే ఆ బాధ నా ఒక్కడిదే. ఇక్కడ ముగ్గురి రేసు పాడుచేశాను. అందులో ఒకాయన మూడేళ్ళుగా ఈ రేసు కోసమే డబ్బు దాచారు. దిగి ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, "కారు తెచ్చావు కదా. ముందు తాగు, తర్వాత పడుకో. తెల్లవారుజామున నువ్వే నడపాలి" అన్నారు.

2025లో తమిళ నటుడు అజిత్ కుమార్ జట్టు ఇదే దుబాయ్ రేసులో 992 అనే పోర్షె కార్ల క్లాసులో మూడో స్థానం తెచ్చుకున్నాక, జీటీ రేసంటే ఏమిటో మా చుట్టాలకు కూడా తెలిసింది. సికింద్రాబాద్‌లో పుట్టిన ఆయన కూడా 2003లో ఫార్ములా బీఎండబ్ల్యూ ఏషియాలో, 2010లో ఫార్ములా 2లో నడిపి ఇటు వచ్చినవారే.

మా రేసుకొస్తే, తెల్లవారుజామున నేను నడిపిన స్టింట్‌లో పోయిన రెండు చుట్లలో ఒకటి తిరిగి వచ్చింది. ఆఖరి స్టింట్ మాత్రం విజయవాడ ఆయనదే కావాలని నేనే అడిగాను. పిట్‌లో ఆగగానే నా అచ్చు లాగేసి దూకాను. ఆయన కూర్చున్నారు. భుజాల బెల్టులు, నడుము బెల్టు, కాళ్ళ మధ్య బెల్టు ఒక్కొక్కటే బకిల్‌లో పెట్టి రెండు చేతులతో గట్టిగా లాగాను. గొట్టాలు తగిలించి, రేడియో తగిలించి, ఆయన హెల్మెట్ మీద రెండుసార్లు తట్టి తలుపు వేశాను.