చప్పుడు తగ్గాలి, బోల్ట్ మాత్రం ఆగకూడదు

టెక్సాస్‌లో తూటాలు ఇంట్లోనే కట్టుకోవడం చాలామందికి హాబీ. తుపాకి చప్పుడు తగ్గించడానికి బ్యారెల్ చివర బిగించే సప్రెసర్‌కి మాత్రం ఫెడరల్ అనుమతి కావాలి. ఫామ్ 4 అనే దరఖాస్తు, వేలిముద్రలు, ఫొటో, తర్వాత ఎదురుచూపు. నేను కొన్నప్పుడు 200 డాలర్ల పన్ను కట్టాను, 2026 జనవరి నుంచి ఆ పన్ను సున్నా అయింది. నా టైమింగ్ ఎప్పుడూ అంతే.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. నాది 300 బ్లాకౌట్ అనే రకం తూటా వాడే సెమీ ఆటోమేటిక్ రైఫిల్. తూటా పేలినప్పుడు వచ్చే గ్యాసే బోల్ట్ అనే లోపలి భాగాన్ని వెనక్కి తోస్తుంది, అది ఖాళీ కేస్‌ని (తూటా తొడుగుని) బయటికి లాగి తర్వాతి తూటాని ఎక్కిస్తుంది. 110 గ్రెయిన్ల (ఇది బుల్లెట్ బరువు) వేగం తూటాలతో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 220 గ్రెయిన్ల సబ్‌సోనిక్ తూటా, అంటే ధ్వని కంటే నెమ్మదిగా వెళ్లేది, పెడితే ఖాళీ కేస్ బయట పడేది కానీ, బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లక తర్వాతి తూటాని అందుకునేది కాదు.

ఇరవై డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. బుల్లెట్ అది దాటిందంటే ఎంత మంచి సప్రెసర్ ఉన్నా గాలిలో పెళ్లుమంటుంది. అందుకే 1,050 దాటకూడదని పెట్టుకున్నాను. కానీ వేగం తగ్గించాలని మందు తగ్గిస్తే, బోల్ట్‌ని తోయాల్సిన గ్యాస్ కూడా తగ్గుతుంది.

ముందు తుపాకి సంగతి తేల్చుకున్నాను. శుభ్రం చేసి, నూనె వేసి, బోల్ట్‌కి గ్యాస్ పంపే గ్యాస్ బ్లాక్ పూర్తిగా తెరిచి, బోల్ట్ వెనక ఉండే బరువు, అంటే బఫర్, తేలికది పెట్టాను. పరీక్ష సులువే. మ్యాగజైన్‌లో ఒక్క తూటా పెట్టి కాల్చాలి. బోల్ట్ వెనక ఆగి నిలబడితే పాస్. కొంత మెరుగైంది, నమ్మేంత కాదు.

తేడా తెచ్చింది మందు రకం. గడ్డి మంట భగ్గున లేచి ఆరిపోతుంది, పిడకల నిప్పు నిలుస్తుంది. త్వరగా కాలే మందు కొంచెం వేసినా వేగం వచ్చేస్తుంది, కానీ బుల్లెట్ బ్యారెల్‌లోని గ్యాస్ రంధ్రం దాటేసరికి ఒత్తిడి పడిపోతుంది. కాస్త నిదానంగా కాలేది ఎక్కువ పడుతుంది, అదే వేగానికి రంధ్రం దగ్గర ఒత్తిడి ఎక్కువ మిగులుతుంది. బోల్ట్‌కి కావలసింది అదే. తూకాలు ఇక్కడ రాయను. మందు తయారీదారు మాన్యువల్ చూసి, అందులో ఇచ్చిన హద్దుల్లోనే ఉండాలి. మరీ తగ్గిస్తే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కోవచ్చు, ఆ తర్వాత ఇంకో తూటా పేలిస్తే ప్రమాదం.

ప్రతి తూటాకీ క్రోనోగ్రాఫ్‌తో వేగం చూశాను. సబ్‌సోనిక్ కేస్‌లో ఖాళీ ఎక్కువగా ఉంటే మందు దాన్ని అంటించే ప్రైమర్ వైపు చేరిందా, బుల్లెట్ వైపు చేరిందా అన్నదాన్ని బట్టి కూడా వేగం మారుతుంది. ముందు తుపాకి కిందికి వంచి ఒకసారి, పైకెత్తి ఒకసారి, రెండుసార్లూ మళ్లీ మెల్లగా గురికి తెచ్చాకే కాల్చి చూడటం అందుకే. చలికాలం ఉదయాల్లో మళ్లీ కొలవాలి. సున్నా డిగ్రీల దగ్గర ధ్వని వేగమే దాదాపు 1,087కి దిగుతుంది.

సప్రెసర్ తగిలించే ముందు ఉత్త బ్యారెల్‌తో కాగితం మీద కాల్చాను. రంధ్రాలు గుండ్రంగా ఉండాలి. పొడుగ్గా పడితే బుల్లెట్ తిరగబడుతున్నట్టు, అది సప్రెసర్ లోపలి అడ్డుపలకని (బాఫిల్‌ని) తాకితే సప్రెసర్ పోయినట్టే. నా బ్యారెల్ ట్విస్ట్ 1:8, అంటే ప్రతి 8 అంగుళాలకి బుల్లెట్‌ని ఒక చుట్టు తిప్పుతుంది కాబట్టి ఆ టెన్షన్ లేకపోయింది.

ఇప్పుడు సప్రెసర్‌తో బోల్ట్ ప్రతిసారీ నిలబడుతోంది. అది తీసేస్తే మాత్రం ఈ తూటాలు అప్పుడప్పుడూ మొరాయిస్తాయి. సప్రెసర్ వెనక్కి నెట్టే గ్యాస్ కూడా బోల్ట్‌కి సాయం చేస్తోంది మరి. అందుకే ఈ డబ్బాల మీద ‘సప్రెసర్‌తో మాత్రమే’ అని మార్కర్‌తో రాసి పెట్టాను.