గరిటెజారు చీజ్: ఆ పాత రుచి ఎక్కడిది?

మూత తీయగానే అద్దంలా మెరిసే పైభాగం. చాకు కొనతో తీస్తే తీగ సాగకుండా తెగి, బ్రెడ్డు మీద వెన్నలా పరుచుకునే లేత పసుపు ముద్ద. పాతకాలపు చీజ్ స్ప్రెడ్ అంటే అదీ. ఇంటింటా వినిపించే మాట, "ఇప్పటిదాంట్లో ఆ రుచి లేదు" అని. డెయిరీ టెక్నాలజీ చదివినవాళ్లం కాబట్టి మనం దానికి తలూపి ఊరుకోకూడదు, కారణం చెప్పాలి. తేడా ఫార్ములాలోనే ఉంది.

తెలుగు ఇళ్లకు ఈ రుచి చాలావరకు గల్ఫ్ పెట్టెల్లో వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు సెలవుకొచ్చినవాళ్లు క్రాఫ్ట్ నీలం టిన్ను, గుండ్రటి అట్టపెట్టెలో లాఫింగ్ కౌ త్రికోణపు ముక్కలు, పక్ గాజు సీసా తెచ్చేవారు. ఎండ దేశానికి చీజ్ పంపడమే అసలు ఈ సరుకు పుట్టుకకు కారణం. స్విట్జర్లాండ్‌లోని థున్‌లో 1911లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ ఎమెంటాల్ అనే గట్టి చీజ్‌ను సోడియం సిట్రేట్ అనే లవణంతో కలిపి కరిగించింది దూర ప్రయాణంలో పాడవకుండా ఉండాలనే. 1916లో అమెరికాలో క్రాఫ్ట్ పేటెంట్, 1921లో ఫ్రాన్స్‌లో లియోన్ బెల్ లాఫింగ్ కౌ, 1924లో నార్వేలో ఓలాఫ్ కావ్లి ప్రిములా చీజ్ స్ప్రెడ్ వచ్చాయి.

చీజ్‌ను ఊరికే వేడిచేస్తే నూనె ఒకపక్క, రబ్బరు ముద్ద ఒకపక్క అవుతుంది. చీజ్‌లోని కేసీన్ అనే పాల ప్రొటీన్‌ను కాల్షియం పట్టి ఉంచుతుంది, అందుకే అది నీళ్లలో కలవదు. సిట్రేట్, ఫాస్ఫేట్ లవణాలు ఆ కాల్షియంను లాక్కుని సోడియంను ఇస్తాయి. అప్పుడు కేసీన్ నీళ్లు పీల్చుకుని, కొవ్వు బొట్లను చుట్టి పట్టుకుంటుంది. పని మొత్తం ఇంతే. గేదె పాల చీజ్‌లో కాల్షియం ఎక్కువ కాబట్టి లవణం కొంచెం ఎక్కువ పడుతుంది. కెరోటిన్ అనే పసుపు వర్ణకం లేక తెల్లగా ఉంటుంది కాబట్టి పసుపు రంగు కావాలంటే అనాటో అనే గింజల రంగు కలపాలి.

రుచి అంతా చీజ్ ఎంపికలో ఉంది. ఇంచుమించు పది కిలోల ఘానకు, అంటే ఒక వాయికి, ఆరు కిలోల చెడ్డార్ తీసుకుంటే, నెల లోపుది రెండు కిలోలు, మూడు నాలుగు నెలలు మాగినది రెండు కిలోలు, ఆరు నెలలు దాటినది రెండు కిలోలు వెయ్యాలి. లేతది కొవ్వును పట్టి ఉంచుతుంది, ముదురుది వాసన, రుచి ఇస్తుంది. దీనికి వెన్న అరకిలో, నీళ్లు మూడు కిలోలు, పైన చెప్పిన సిట్రేట్, ఫాస్ఫేట్ లవణం 250 గ్రాములు. తేమ 54 శాతం దగ్గర తేలుతుంది. మన దేశ ఆహార నిబంధన ప్రకారం స్ప్రెడ్‌లో తేమ 60 శాతం దాటకూడదు, ఎండు పదార్థంలో కొవ్వు 40 శాతానికి తగ్గకూడదు. ఖర్చు తగ్గించాలంటే మొదట కోత పడేది ముదురు చీజ్‌కే, ఎందుకంటే నెలల తరబడి చల్లగదిలో ఉంచడానికి డబ్బు కావాలి. దాని బదులు పాలపొడి, పిండిపదార్థం, చీజ్ ఫ్లేవర్ చేరితే ముద్ద చిక్కగానే ఉంటుంది గానీ నాలుక మీద నిలవదు. జనం పోయిందంటున్న రుచి అదే.

చీజ్ కరిగించే పెద్ద పాత్రలోకి (కెటిల్) నేరుగా ఆవిరి వదిలేటట్లయితే ఒక సంగతి మరవకూడదు: ఆ ఆవిరి నీరై ఘానలోనే చేరుతుంది, వంద కిలోలకు ఇంచుమించు పది కిలోలు. దాన్ని ముందే నీళ్ల లెక్కలోంచి తీసెయ్యాలి.

ఇక అసలు ఘట్టం. తురుము, వెన్న, లవణం, మూడో వంతు నీళ్లు వేసి కలుపుతూ వేడిచేస్తే 55, 60 డిగ్రీల దగ్గర అంతా చెడిపోయినట్టే కనిపిస్తుంది. పైన నూనె తేలుతుంది, కింద రవ్వరవ్వగా ముద్దలు. కొత్తవాళ్లు ఇక్కడే కంగారుపడి నీళ్లన్నీ ఒక్కసారి పోసేస్తారు. అలా పోస్తే కలిపే గరిటె రాపిడి తగ్గి, ఉండలు విడవవు. ఆగకుండా కలపాలి. 70 దాటాక నూనె లోపలికి పోతుంది, ముద్దకు మెరుపు వస్తుంది, గరిటె ఎత్తితే పొడుగ్గా తీగలు సాగుతాయి. మిగిలిన నీళ్లు రెండు విడతలుగా పోసి 85 నుంచి 90 డిగ్రీల్లో ఎనిమిది, పది నిమిషాలు ఉంచాలి. ఆ నిమిషాల్లోనే తీగ పొట్టిదవుతూ, చిక్కబడి, గరిటెజారుగా మారుతుంది. దీన్నే క్రీమింగ్ అంటాం. ఇది బాగా జరగడానికి పాలీఫాస్ఫేట్ అనే ఫాస్ఫేట్ లవణం కావాలి, ఒక్క సిట్రేట్‌తో అంతగా రాదు. మరీ ఎక్కువసేపు ఉంచితే మెరుపు పోయి గడ్డ పెరుగులా బిగుస్తుంది.

పులుపును కొలిచే పీహెచ్ 5.7 నుంచి 5.9 మధ్య ఉంటే నిశ్చింత. 5.3కు దిగితే పొడిపొడిగా విరుగుతుంది, 6.2 దాటితే సబ్బు రుచి వస్తుంది, క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా బీజాలు మొలకెత్తే భయమూ ఉంటుంది. ఆ బీజాలు 90 డిగ్రీలకు చావవు. మూత ఉబ్బిన టిన్ను వాటి పనే అనుకుని, రుచి చూడకుండా పారేయాలి. ఉబ్బకుండా, ఆ బ్యాక్టీరియాను అడ్డుకునే నైసిన్ వాడతారు. నాలుకకు ఇసుక తగిలితే లవణం కరగకుండా మిగిలిందో, పాలపొడి ఎక్కువై లాక్టోజ్ అనే పాల చక్కెర పలుకు కట్టిందో చూడాలి. వేడి గోదాములో నెలల తరబడి పడున్న టిన్ను లోపల గోధుమరంగుకు తిరగడానికి కారణం ఆ లాక్టోజ్ ప్రొటీన్‌తో కలవడం.

ఇంట్లో చెయ్యాలంటే బాగా మాగిన చెడ్డార్ 250 గ్రాములు, నీళ్లు 110 మిల్లీలీటర్లు, ఉప్పు లేని వెన్న 20 గ్రాములు, తినడానికి పనికొచ్చే సోడియం సిట్రేట్ ఏడు గ్రాములు చాలు. ఉప్పు వేరే వెయ్యొద్దు, చీజ్‌లో ఉన్న ఉప్పు, సిట్రేట్‌లో ఉన్న సోడియమే ఎక్కువ. మందపాటి గిన్నెలో సన్నసెగ మీద నీళ్లు, సిట్రేట్ కరిగించి, తురుము గుప్పెడు గుప్పెడుగా వేస్తూ కలిపి, చివర వెన్న వేసి మిక్సీలో ఒక్క నిమిషం తిప్పండి. వేడినీళ్లలో మరిగించిన సీసాలోకి వేడిగా ఉండగానే అంచు దాకా పొయ్యండి. పైన ఖాళీ ఉంటే బూజు అక్కడే మొదలవుతుంది. స్ప్రెడ్‌ను త్వరగా చల్లార్చాలి. నెమ్మదిగా చల్లారితే బిగుసుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి వారంలో వాడేయండి, బ్రెడ్డు మీద రాసే ముందు పావుగంట బయట ఉంచండి.